పొయ్యి దగ్గరి అమ్మకు ఒకరోజు సెలవు

జపాను దేశంలోని ఒసాకా నగరానికి పోయేవారు అక్కడి కోటతోపాటు వీధి తినుబండారాలను కూడ తలచుకొంటారు. వాటిలో టకోయాకి ఒకటి. గుంతలున్న ఇనుప పెనములో గోధుమపిండి జారుగా పోసి, ఆక్టోపస్ అనే సముద్రజీవి ముక్కను అందులో పెట్టి, పుల్లతో తిప్పుతూ ఉండలుగా కాలుస్తారు. 1930ల నుండి అది ఒసాకాలో ప్రసిద్ధి. ఆ పెనము బొమ్మ చూచి మా పిల్లలు, "ఇది మన గుంత పొంగణాల పెనమే!" అని కేక వేశారు.

నిజమే. జపాను పోయే స్తోమత మనకు లేదు గాని, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పోవడానికి పాసింజరు టిక్కెట్టు చాలును. ఒక శనివారం తిరుగుతూ, చూస్తూ, తింటూ గడుపుదామని నిశ్చయించుకొన్నాము. అడ్డు చెప్పినది అమ్మ ఒక్కతే.

"బయట తినేదేంటికి నాయనా? ఆ దుడ్డుతో ఇంట్లో చేస్తే వారమంతా తినొచ్చు."

"ఎవరు చేస్తారమ్మా?"

"ఇంకెవరు, నేనే."

ఆ మాటతో మేము ఇద్దరమూ ఒకరి ముఖము ఒకరము చూచుకొన్నాము. అమ్మకు డెబ్బది ఏండ్లు. చెనక్కాయ పీకుడు అయిపోయిన ఆ వారంలో కూడ ఆమె కూర్చొని తిన్న పూట మాకు గుర్తుకు రాలేదు. "నీవు రాకపోతే మేమూ పోము" అన్నాము. చివరకు వచ్చింది.

తెల్లవారేసరికి హిందూపురం చేరాము. చింతపండుకు, బెల్లానికి, మిరపకాయలకు పేరుపడిన వర్తక పట్టణమిది. పట్టుగూళ్ళ మార్కెట్టు కూడ ఇక్కడ ఉన్నది. కర్ణాటక సరిహద్దు గనుక తెలుగు, కన్నడము, ఉర్దూ మూడూ ఒకే వీధిలో వినబడతాయి. మార్కెట్టు దగ్గర ఒక తోపుడుబండిపై పొంగణాలు ఉబ్బుతున్నాయి. అంచులు ఎర్రగా కరకరలాడుతూ, లోపల మెత్తగా ఉన్నవి. చెనక్కాయల చట్నీతో ఆకులో పెట్టి ఇచ్చింది బండి ఆమె. అమ్మ ఒకటి నోట పెట్టుకొని, "పిండి బాగ పులిసిందే. ఎప్పుడు రుబ్బినావమ్మా?" అన్నది.

"రాత్రే రుబ్బి పెట్టినా. మూడు గంటలకు లేసినా పెద్దమ్మా."

"నువ్వు తిన్న్యావా?"

"బేరం అయినాక తింటా."

అమ్మ మరి ఏమీ అనలేదు.

రైలెక్కి పెనుకొండలో దిగాము. పెను కొండ అంటే పెద్ద కొండ. 1565లో తళ్ళికోట యుద్ధములో విజయనగరము ఓడిన తరువాత, తిరుమల రాయలు రాజధానిని ఇక్కడికే తెచ్చాడు. తరువాత అది చంద్రగిరికి తరలిపోయింది. నేడు కోటగోడలు, బురుజులు, రెండంతస్తుల గగన్ మహల్ మిగిలి ఉన్నవి. ఆ కమానుల క్రింద నిలబడితే గాలి చల్లగా తగులుతుంది. కోటయే గాక జైనుల ఆలయము, బాబయ్య దర్గా కూడ ఈ ఊరిలోనే ఉన్నవి. ఊరి దగ్గరలోని ఎర్రమంచిలో 2019 నుండి కియా కంపెనీ కార్లు తయారుచేస్తున్నది. కొరియా దేశస్థులు కూడ ఇటు వచ్చి పనిచేస్తున్నారు. లోకము మన గడపకు వచ్చింది గాని, ఎన్నోసార్లు రైలులో ఇటుగా పోయిన అమ్మ మాత్రము ఆ దినము వరకు ఇక్కడ దిగలేదు!

నీడన కూర్చొని ఉప్పువేసి ఉడికించిన చెనక్కాయలు ఒలుచుకొన్నాము. చల్లని నన్నారి షర్బత్ త్రాగాము. చిన్నవాడు, "ఈ మహల్ కట్టినది ఎవరు?" అని అడిగాడు. రాజుల పేర్లు చెప్పాము. "రాళ్ళు మోసినది ఎవరు?" అన్నాడు. ఆ పేర్లు చెప్పలేకపోయాము.

మధ్యాహ్నము దాటి ధర్మవరం చేరాము. పెద్ద జంక్షను. జరీ అంచుల పట్టుచీరలకు పేరుపొంది, భౌగోళిక గుర్తింపు కూడ పొందిన ఊరు. తెలిసిన నేతన్న ఒకరు ఇంట్లోనికి పిలిచారు. గుంట మగ్గములో కాళ్ళు దించి కూర్చొని, పడుగులో పేక నేయుచుండగా టకటకమని శబ్దము. ఒక్క చీరకు రోజుల తరబడి పని. కొన్ని రకాలను చేమగ్గాలకే కేటాయిస్తూ 1985లో చట్టము వచ్చినప్పటికీ, మరమగ్గాల పోటీతో అప్పులు తప్పుట లేదని ఆయన అన్నారు. కండెలు చుడుతున్న ఆయన భార్యను అమ్మ అడిగింది: "నీ పెండ్లికి ఏ చీర కట్టినావమ్మా?" ఆమె నవ్వి, "నూలుదే అత్తా" అన్నది.

సాయంకాలము స్టేషన్ దారిలో ఉగ్గాని, బజ్జి తిన్నాము. తడిపి పిండిన బొరుగులు, తాలింపులో ఉల్లిగడ్డ, పచ్చిమిరప, పైన పుట్నాలపొడి. ప్రక్కన వేడివేడి మిరపకాయ బజ్జి. కారానికి కండ్లలో నీరు తిరుగుతున్నా పిల్లలు మరొక పొట్లము అడిగారు. అమ్మ మాత్రము తినకుండా చేతిలో పెట్టుకొని చూస్తున్నది.

"ఏమమ్మా, బాగలేదా?"

"బాగుంది నాయనా. పొద్దున ఆ పిల్ల తిన్నిందో లేదో అనుకుంటా ఉండా."

రైలులో అమ్మ మనుమరాలి భుజముపై నిద్రించినది. మాకు నిద్ర రాలేదు. పొంగణాలు చేసినామె తినలేదు. పట్టు నేసిన ఇంటి ఇల్లాలు పట్టు కట్టలేదు. రాళ్ళు మోసినవారికి పేరు లేదు. అయితే మన ఇంట్లో? ఇన్నేండ్లు వండిపెట్టిన చేతికి మనము ఏమి వడ్డించాము?

పునరుత్థానుడైన ప్రభువు, రాత్రంతా శ్రమపడిన శిష్యుల కొరకు ఒడ్డున తానే నిప్పులు చేసి, చేపలను, రొట్టెను సిద్ధపరచి పిలిచాడని యోహాను సువార్త 21వ అధ్యాయములో చదువుతాము. వండినవాడు ప్రభువే! నిర్గమకాండము 20వ అధ్యాయములోని విశ్రాంతి ఆజ్ఞ కూడ ఇంటి యజమానునికి మాత్రమే కాదు. దాసదాసీలకు, పశువులకు సైతము. అట్లయితే వంటింటిలోని తల్లికి అది ఎట్లు వర్తించకపోవును?

మరునాడు ఆదివారము. ఆరాధనకు ముందు ఇంటి మగవారే పొయ్యి వెలిగించారు. పొంగణాలు కొన్ని మాడినవి. అమ్మ రెండుసార్లు లేచి పెనము దగ్గరకు రాబోయింది. రెండుసార్లు పిల్లలు చేయిపట్టి కూర్చోబెట్టారు. మూడవసారి లేవలేదు. వేడి పొంగణము ఊదుకొంటూ తిన్నది. "ఉప్పు తక్కువైంది" అన్నది. మరి నాలుగు పెట్టించుకొన్నది.

ప్రియ పాఠకులారా, దూరదేశము పోనక్కరలేదు. పంట ఇంటికి వచ్చిన తరువాత ఒకరోజు మీ ఇంటివారందరితో దగ్గరి ఊరు చూచి రండి. బండి దగ్గర తినునప్పుడు, వండిన ఆమెను "నీవు తిన్నావా తల్లీ?" అని అడగండి. ఇంటికి వచ్చిన తరువాత అదే మాట మీ ఇంటి పొయ్యి దగ్గర కూడ అడగండి.