సంతకం పెట్టే ముందు ఒక్క నిమిషం ఆగండి బాస్!

అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకున్న ఎవరికైనా ఆ స్టీల్ బ్రిడ్జి తెలుసు. ఇందిరా పార్కు దగ్గర ఎక్కితే వీఎస్టీ దగ్గర దిగుతాం. 2023 ఆగస్టులో తెరిచిన ఈ బ్రిడ్జికి నాయిని నర్సింహారెడ్డి పేరు పెట్టారు. ఆయన కార్మిక సంఘాల నుంచి ఎదిగి తెలంగాణ తొలి హోం మంత్రి అయ్యారు, కార్మిక శాఖ కూడా చూశారు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర ఇంకో బిల్డింగ్ ఉంది, అంజయ్య కార్మిక సంక్షేమ భవన్. రాష్ట్ర కార్మిక శాఖ ఆఫీసు అదే. ఆల్విన్ ఫ్యాక్టరీలో కూలీగా చేరి 1980లో ముఖ్యమంత్రి అయిన టి.అంజయ్య పేరది. మనలో చాలామంది సినిమాకు వెళ్తూ దాని పక్క నుంచే పోతాం, తల మాత్రం తిప్పం.

ఇప్పుడెందుకీ సంగతి అంటారా? చిక్కడపల్లి లైబ్రరీలో గ్రూప్స్ పుస్తకాలు తిరగేసేవాళ్లంతా డిగ్రీ అవ్వగానే వచ్చినవాళ్లు కాదు. జీడిమెట్లలోనో పాశమైలారంలోనో రెండు మూడేళ్లు పనిచేసి, ఉద్యోగం పోయాక 'ఇక సర్కారు కొలువే దిక్కు' అని బ్యాగు సర్దుకొచ్చినవాళ్లూ ఉంటారు. వాళ్లలో కొందరికి ప్రభుత్వం నుంచి డబ్బు రావాలి. వస్తుందా రాదా అన్నది చాలాసార్లు ఒక్క కాగితం మీద ఆధారపడుతుంది.

సీన్ ఊహించుకోండి. హెచ్ఆర్ పిలుస్తారు. "ఆర్డర్లు తగ్గాయి తమ్ముడూ, నువ్వే రిజైన్ చేసేయ్, రికార్డు క్లీన్‌గా ఉంటుంది" అని మెత్తగా చెబుతారు. మనవాడు సంతకం పెట్టేస్తాడు. అక్కడే పప్పులో కాలేశాడు!

ఎందుకంటే కంపెనీ తీసేస్తే దాన్ని చట్టం రిట్రెంచ్‌మెంట్ అంటుంది. ఏడాది సర్వీసు, అంటే 240 రోజుల పని ఉన్న వర్కర్‌కి నెల నోటీసు లేదా ఆ నెల జీతం ఇవ్వాలి. దాంతోపాటు ప్రతి పూర్తి ఏడాదికీ 15 రోజుల వేతనం పరిహారంగా రావాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఇంకోటి కలిపింది. కొత్త పని నేర్చుకోవడానికి మరో 15 రోజుల వేతనాన్ని 45 రోజుల్లోగా వర్కర్ ఖాతాలో వేయాలి. రాజీనామా ఇచ్చినవాడికి ఇవేవీ వర్తించవు. తనంతట తానే పోయినట్టు లెక్క.

రెండోది ఈఎస్ఐ. పేస్లిప్‌లో 0.75 శాతం కట్ అవుతుందే, అదే. 15,000 జీతానికి 113 రూపాయలు. దాన్ని మనం ఆస్పత్రి డబ్బు అనే అనుకుంటాం. కానీ అందులో నిరుద్యోగ భృతి కూడా ఉంది. 2018 జూలైలో మొదలైన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద సగటు రోజు వేతనంలో సగం, గరిష్ఠంగా 90 రోజులు ఇస్తారు. రోజుకు 600 వచ్చేవాడికి 300 చొప్పున 27,000 దాకా. జీవితంలో ఒక్కసారే. పని పోయిన 30 రోజుల తర్వాత ఈఎస్ఐసీ పోర్టల్లో క్లెయిమ్ చేసుకోవచ్చు. పథకం గడువును ఎప్పటికప్పుడు పొడిగిస్తున్నారు కాబట్టి అప్లై చేసే ముందు ఒకసారి చూసుకోండి.

షరతులు ఉన్నాయి మరి. పని పోవడానికి ముందు రెండేళ్లు బీమాలో ఉండాలి. ఈఎస్ఐ ఏడాదిని ఏప్రిల్-సెప్టెంబర్, అక్టోబర్-మార్చి అని రెండు ముక్కలు చేస్తుంది. పని పోవడానికి ముందున్న ముక్కలో 78 రోజులకు తగ్గకుండా చందా పడాలి. దానికంటే ముందు మూడింటిలో ఏదో ఒకదాంట్లోనూ 78 రోజులు ఉండాలి. తప్పు చేసి డిస్మిస్ అయినా, రిటైరైనా, స్వచ్ఛందంగా వైదొలిగినా రాదు.

ఫ్యాక్టరీ మూతపడినా, రిట్రెంచ్ చేసినా ఇంకా పెద్ద పథకం ఉంది. రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన, 2005 నుంచి నడుస్తోంది. మొదటి ఏడాది వేతనంలో సగం, రెండో ఏడాది పావు వంతు. ఇంటిల్లిపాదికీ వైద్యం కూడా. తేడా చూశారా? రాజీనామా అని రాస్తే ఈ రెండేళ్ల సాయానికి దారి మూసుకున్నట్టే.

ఇది కొత్త గొడవేం కాదు. లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర 1920లో పెట్టిన డీబీఆర్ మిల్స్ ఉండేది. తర్వాత మూతపడింది. మూతపడ్డ ప్రైవేటు బట్టల మిల్లుల కార్మికుల కోసం 1986లో కేంద్రం ఒక నిధి పెట్టింది. వరసగా మూడేళ్లు వేతనంలో 75, 50, 25 శాతం ఇచ్చేది. అక్కడా కనీసం ఐదేళ్ల సర్వీసు కాగితం మీద కనిపించాలి. 2017 ఏప్రిల్లో దాన్ని రాజీవ్ గాంధీ పథకంలో కలిపేశారు.

విదేశీ సరుకు దెబ్బకు పని పోతే అమెరికాలో విడిగా సాయం ఉండేది. ముగ్గురు కార్మికులు కలిసి అర్జీ పెట్టుకుంటే చాలు, ప్రభుత్వం విచారించేది. 2022 జూలై నుంచి కొత్త అర్జీలను తేల్చడం ఆపేశారు. మన దగ్గర అలాంటిది లేదు. సుంకాల వల్ల పోయినా, ఓనరు అప్పుల వల్ల పోయినా ఇవే రూల్స్.

కాంట్రాక్టర్ కింద చేశాను, నాకేం వస్తుందిలే అనుకోకండి. జీతం 21,000 లోపు ఉండి, కంపెనీ ఈఎస్ఐ పరిధిలో ఉంటే కాంట్రాక్ట్ వర్కర్‌కీ అది కట్టాల్సిందే. కాంట్రాక్టర్ ఎగ్గొడితే బాధ్యత అసలు కంపెనీది. డెలివరీ బాయ్స్‌కి మాత్రం ఈ భృతి లేదు, అది వేరే కథ.

ఇక తిరగాల్సిన చోట్లు చెబుతాను, ఊరంతా తిరగక్కర్లేదు. పరిహారం ఎగ్గొడితే ఫిర్యాదు ఎక్కడివ్వాలో అంజయ్య భవన్‌లో అడగండి. నారాయణగూడ దాటితే బర్కత్‌పురాలో పీఎఫ్ ఆఫీసు. హిల్‌ఫోర్ట్ రోడ్డులో ఈఎస్ఐసీ ప్రాంతీయ కార్యాలయం. చేతిలో పేస్లిప్పులు, ఈఎస్ఐ నంబరు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ ఉంచుకోండి. కంపెనీ ఇచ్చిన లెటరుంటే దాన్ని ముందే ఫొటో తీసి పెట్టుకోండి. లెటర్ ఇవ్వకుండా నోటిమాటగా రేపట్నుంచి రావద్దంటే, "సార్, నన్ను పనిలోకి రావద్దన్నారు, కారణం రాసివ్వండి" అని ఆ రోజే ఒక మెయిల్ కొట్టండి. దానికి జవాబు రాకపోయినా మీరు పంపిన తేదీ మీ దగ్గర ఉంటుంది.