ఏమీ జరగదు... అయినా ఆపలేం!

స్కూల్లో లంచ్ టైమ్. ఒకమ్మాయి బాక్స్‌లోంచి సాసేజ్ ముక్క తీస్తుంటే అది చేజారుతుంది. అంతే కథ! కానీ ఆ ముక్క నేల మీద పడకుండా పట్టుకోడానికి ఆ పిల్ల చేసే విన్యాసాలు చూడాలి... యుద్ధం సీన్లకి కూడా అంత బిల్డప్ ఉండదు. 2011లో వచ్చిన 'నిచిజో' అనే అనిమేలోది ఈ సీన్. నిచిజో అంటే జపనీస్‌లో 'రోజువారీ' అని అర్థం. పేరులోనే చెప్పేశారు, ఇందులో ప్రపంచాన్ని కాపాడేవాళ్లెవరూ లేరని.

కంచికచర్లలో మా ఇంట్లో మంచం మీద పడుకుని నేను ఇలాంటివి చూసి పగలబడి నవ్వుతుంటే, మా అమ్మ వంటింట్లోంచి వచ్చి ఫోన్లోకి తొంగి చూసింది.

"ఏం చేస్తున్నార్రా వాళ్లు?"

"ఏం చేయట్లేదమ్మా. ఊరికే మాట్లాడుకుంటున్నారు."

"దానికంత నవ్వెందుకు? మా అరుగు మీదా రోజూ అదేగా!"

అమ్మ వెటకారంగానే అంది గానీ, స్లైస్ ఆఫ్ లైఫ్ కామెడీ గురించి ఇంతకంటే బాగా నేనూ చెప్పలేను. అరుగు మీద కబుర్లకి పాయింట్ ఉండదు. అయినా లేవబుద్ధి కాదు.

ఈ రకం కథలకి వేర్లు పేపర్లలో వచ్చే కార్టూన్ స్ట్రిప్పుల్లో ఉన్నాయి. జపాన్‌లో నాలుగు గడుల కార్టూన్‌ని 'యోన్‌కోమా' అంటారు. మొదటి గడిలో విషయం మొదలవుతుంది, రెండో దాంట్లో సాగుతుంది, మూడో దాంట్లో మలుపు, నాలుగో దాంట్లో ముగింపు. మచికో హసెగావా అనే ఆవిడ 1946లో ఇలా మొదలుపెట్టిన 'సజాయే-సాన్' 1969లో టీవీకెక్కింది. ఇప్పటికీ ఆదివారం సాయంత్రం ఆరున్నరకి వస్తూనే ఉంది. ప్రపంచంలో ఎక్కువ కాలంగా నడుస్తున్న యానిమేషన్ సీరియల్‌గా గిన్నిస్ రికార్డు కూడా దానిదే. ఇంకో ముచ్చట... అది అయిపోగానే 'రేపు సోమవారం' అని గుర్తొచ్చి కలిగే దిగులుకి జపాన్ వాళ్లు 'సజాయే-సాన్ సిండ్రోమ్' అని పేరు పెట్టుకున్నారు. ఆదివారం సాయంత్రం పచ్చడి సీసాలు సర్దిన బ్యాగుతో మా బస్టాండ్‌లో హైదరాబాద్ బస్సు కోసం నిలబడే కుర్రాళ్ల మొహాలు చూస్తే, ఆ సిండ్రోమ్ జపాన్ ఒక్కదానిదే కాదని తెలుస్తుంది.

నవ్వించే పద్ధతి కూడా మనకి కొత్తేం కాదు. వాళ్ల స్టేజ్ కామెడీ 'మన్‌జాయ్'లో ఇద్దరుంటారు. 'బోకే' తింగరిగా ఏదో అంటాడు, 'త్సుక్కోమి' నెత్తి మీద ఒకటిచ్చి సరిచేస్తాడు. మన కోట శ్రీనివాసరావు, బాబూమోహన్ 'మామగారు'లో చేసింది దాదాపు అదే లెక్క. తేడా ఎక్కడంటే, మన సినిమాలో జోక్ పేలాక వెనక టుంయ్ అని సౌండ్ వేస్తారు. ఈ అనిమేల్లో జోక్ తర్వాత నిశ్శబ్దం. ఒక కాకి అరుస్తుంది, లేదా అందరూ ఒక్క క్షణం బిగుసుకుపోతారు. నవ్వాలో వద్దో మనకే వదిలేస్తారు. నాకు నచ్చేది ఆ మర్యాదే.

నిజానికి మన తరంలో చాలామందికి ఈ రకం ఎప్పుడో తెలుసు. షిన్‌చాన్! యోషితో ఉసుయి 1990లో కామిక్‌గా మొదలుపెట్టాడు, 1992లో టీవీకొచ్చింది, 2006లో హంగామా టీవీ మన దేశానికి తెచ్చింది. 2008లో కేంద్ర ప్రభుత్వం ఆపేసింది కూడా. తర్వాత కత్తిరింపులతో తిరిగొచ్చింది. షిన్‌చాన్ వాళ్లమ్మని పెట్టే తిప్పలు మనకి అంత సులువుగా ఎక్కడానికి ఇంకో కారణం ఉంది. బాపు బొమ్మలతో ముళ్లపూడి వెంకటరమణ రాసిన 'బుడుగు' అప్పటికే ఇక్కడ అల్లరి చేసి ఉన్నాడు. పిల్లాడి నోటితో పెద్దాళ్ల గుట్టు బయటపెట్టడం 1950ల్లోనే తెలుగు పాఠకులు చూసేశారు. పెద్దయ్యాక అదే రుచి 'అమృతం' సీరియల్లో దొరికింది. అమృతం, అంజి ఎపిసోడ్ మొత్తం తిప్పలు పడి చివరికి మొదలైన చోటికే వచ్చేవాళ్లు.

ఇక నా ఫేవరెట్ సంగతి. 'నాన్ నాన్ బియోరి' (2013). జపాన్‌లో ఓ మారుమూల పల్లె. స్కూల్లో మొత్తం ఐదుగురే పిల్లలు, టీచరమ్మేమో క్లాసులోనే నిద్రపోతుంది. టోక్యో నుంచి ఒక అమ్మాయి వచ్చి చేరుతుంది. వాళ్లందరిలో చిన్నది రెంగే, ఒకటో తరగతి. మొదటి ఎపిసోడ్‌లోనే దానికో పెద్ద అనుమానం వస్తుంది... మనది పల్లెటూరేనా? మిగతావాళ్లు సీరియస్‌గా చర్చ పెడతారు.

కంచికచర్ల వాణ్ని కాబట్టి ఆ సీన్ నాకు కొంచెం ఎక్కువే తగిలింది. మాది మండల కేంద్రం, పక్కనే ఇంజినీరింగ్ కాలేజీ, ఊరు మీదుగా విజయవాడ-హైదరాబాద్ హైవే. అలాగని టౌన్ అంటే నందిగామ వాళ్లు నవ్వుతారు. పల్లె అంటే మావాళ్లు ఒప్పుకోరు. అటు పరిటాల దగ్గర 135 అడుగుల ఆంజనేయస్వామి, ఇటు కీసర టోల్‌గేట్, మధ్యలో పత్తి చేలూ మిరప చేలూ. హైదరాబాద్ వెళ్లే కార్లన్నీ మమ్మల్ని దాటిపోతుంటాయి, మేం మాత్రం ఎక్కడున్నామో తేల్చుకోలేక టీ తాగుతుంటాం.

ఆ సిరీస్‌లో నాలుగో ఎపిసోడ్ ఉంది. వేసవి సెలవుల్లో నానమ్మ ఊరికి వచ్చిన ఓ పాపతో రెంగేకి స్నేహం కుదురుతుంది. రోజూ ఆటలే. ఒకరోజు పొద్దున్నే రెంగే వాళ్లింటికి వెళ్తే, ఆ పాప నానమ్మ చెబుతుంది. వాళ్ల నాన్నకి పని పడి ఉన్నట్టుండి వెళ్లిపోయారని. అంతే, కెమెరా రెంగే మొహం మీదే ఆగిపోతుంది. డైలాగ్ లేదు, పాట లేదు. చాలాసేపు ఆ పిల్ల అలా కదలకుండా నిలబడే ఉంటుంది. తర్వాత కళ్లలో నీళ్లు. కామెడీ అని చెప్పి చూపించిన దాంట్లో ఇలా చేస్తే ఎలా అండీ!

మనందరికీ ఈ సీన్ ఉంది. మే నెలంతా మా ఇంట్లో నేల మీద వరసగా పక్కలు పరుచుకుని పడుకున్న పెద్దమ్మ పిల్లలు, అత్త పిల్లలు, జూన్ రాగానే ఒక్కొక్కళ్లుగా ఆటో ఎక్కేసేవాళ్లు. మర్నాడు ఇల్లు ఊడుస్తుంటే మంచం కింద వాళ్ల చెప్పు ఒకటి దొరికేది.

ఈ జానర్ మీద అందరూ అనే మాట 'రిలాక్స్ అవ్వడానికి బాగుంటుంది' అని. నేను పూర్తిగా ఒప్పుకోను. ఇందులో విలన్ లేడు గానీ క్యాలెండర్ ఉంది. 'కే-ఆన్!' చూడండి. మ్యూజిక్ క్లబ్ పేరుతో కేకులు తింటూ టీ తాగే అమ్మాయిల కథ. 2009లో అది మొదలైనప్పుడు డైరెక్టర్ నవోకో యమదా వయసు 24. రెండో సీజన్ చివర సీనియర్లు నలుగురు స్కూల్ వదిలి వెళ్తుంటే, జూనియర్ అజుసా 'వెళ్లొద్దు' అని ఏడుస్తుంది. వాళ్లు దానికోసం ఒక పాట కట్టి వాయిస్తారు. మా బ్యాచ్‌లో నేను కాక నలుగురు. ఒకడు డాలస్, ఇద్దరు హైదరాబాద్, ఒకడు బెంగళూరు. గ్రూప్‌లో ఇప్పుడు పండగ విషెస్ తప్ప ఏం రావు. పనికిమాలిన మాటలు మాట్లాడుకునేంత తీరిక మళ్లీ దొరకదని ఫైనల్ ఇయర్‌లో ఎవడూ చెప్పడు.

'నిచిజో', 'కే-ఆన్!' రెండూ క్యోటో యానిమేషన్ స్టూడియోవే. 2019 జులై 18న ఒకడు ఆ స్టూడియోకి నిప్పు పెడితే 36 మంది చనిపోయారు. 'లక్కీ స్టార్' డైరెక్టర్ యసుహిరో తకెమొతో కూడా వాళ్లలో ఉన్నారు. అది తెలిశాక ఆ టీ కప్పులోంచి లేచే ఆవిరి కూడా వేరేలా కనిపిస్తుంది. దాన్ని ఎవరో కూర్చుని, ఓపిగ్గా గీశారు.

నా కంప్లైంట్ ఒక్కటే. ఇప్పుడు అనిమే తెలుగులో వస్తోంది, సంతోషం. కానీ తెలుగు ఆడియో అనగానే వినిపించేవి 'సోలో లెవలింగ్', 'డీమన్ స్లేయర్' లాంటి ఫైట్లే. కత్తి యుద్ధానికి భాషతో ఏం పని? అరుపు ఏ భాషలోనైనా అరుపే. భాష కావాల్సింది కబుర్లకి! రెంగే ప్రతి మాట చివరా 'నానోన్' అని తనదైన తోక తగిలిస్తుంది. సబ్‌టైటిల్‌లో అది ఎగిరిపోతుంది. మనూళ్ల పిల్లలు 'మరేమో, మరేమో' అంటూ సాగదీసే తీరు తెలిసిన మనిషి డబ్బింగ్ రాస్తే ఆ తోకకి ఏదో ఒక దారి దొరుకుతుంది. ఎవరు ఎవర్ని 'నువ్వు' అనాలి, ఎవర్ని 'మీరు' అనాలి అన్న దాంట్లోనే సగం జోకులు పుడతాయి. ఇంగ్లిష్‌కి ఆ సదుపాయం లేదు, మనకుంది.

ఇంతవరకూ ఈ రకం ముట్టుకోనివాళ్లు 'నిచిజో'తో మొదలుపెట్టండి. ప్రిన్సిపాల్ జింకతో కుస్తీ పట్టే సీన్‌కి నవ్వు రాకపోతే ఇది మీ టైపు కాదు, మొహమాటం లేకుండా వదిలేయండి. నవ్వొస్తే 'నాన్ నాన్ బియోరి'కి వెళ్లండి. 1.5 స్పీడ్‌లో మాత్రం పెట్టకండి, దండం పెడతా. నాలుగో ఎపిసోడ్ బస్సులో వద్దు. ఇంట్లో, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి. పక్కన అమ్మ ఉంటే ఒక ఇయర్‌ఫోన్ ఆవిడకివ్వండి.