సింగిల్ షాట్ రైఫిల్‌కి ఏ తూటా బెటర్? చూడ్డానికి ఒకేలా ఉన్నా లెక్కలు వేరు.. అమెరికా జింకల వేటలో అసలు విషయం ఇదే!

అమెరికాలోని ఒహాయో, మిషిగన్ లాంటి రాష్ట్రాల్లో శరదృతువు వచ్చిందంటే చాలు.. తెల్లతోక జింకల వేట సందడి మొదలవుతుంది. కొత్తగా వేటకు వెళ్లేవాళ్లలో చాలామంది ముందుగా కొనేది సింగిల్ షాట్ రైఫిల్. ఒకసారి ఒక్క తూటానే పడుతుంది, పేల్చాక మళ్లీ చేత్తో నింపుకోవాలి. ధర తక్కువ, వాడకం సులువు. కానీ షాపుకెళ్లి ఇదే తుపాకీ అడిగితే కౌంటర్ మీద నాలుగు రకాలు పెడతారు. .350 లెజెండ్, .360 బక్‌హ్యామర్, .450 బుష్‌మాస్టర్, .45-70 గవర్నమెంట్. ఇందులో ఏది తీసుకోవాలి? తప్పు ఎంచుకుంటే ఏమవుతుంది? వివరాలు చూద్దాం.

అసలు ఈ నాలుగే ఎందుకు?

మామూలు రైఫిల్ తూటా కేసింగ్ సీసా ఆకారంలో ఉంటుంది. కింద లావుగా, మెడ దగ్గర సన్నగా ఉంటుంది. అందులోంచి వచ్చే బుల్లెట్ చాలా వేగంగా, చాలా దూరం పోతుంది. పొలాలు, ఇళ్లు పక్కపక్కనే ఉండే చదునైన ప్రాంతాల్లో ఇది ప్రమాదం. అందుకే ఇలాంటి ప్రాంతాల్లో చాలాకాలం జింకల వేటకు ప్రధానంగా షాట్‌గన్‌లనే అనుమతించారు. తర్వాత మెడ లేకుండా నిటారుగా ఉండే స్ట్రెయిట్ వాల్ కేసింగ్‌లకు ఓకే చెప్పారు. ఒహాయోలో 2014 నుంచి ఇవి అమల్లోకి వచ్చాయి. పైన చెప్పిన నాలుగూ ఈ కోవలోవే.

అలాగని ఇవి దూరం పోవు అనుకుంటే పొరపాటే. గురి తప్పితే ఈ బుల్లెట్లు కూడా మైలు దాటి పోగలవు. జింక వెనకాల మట్టి గట్టు లాంటి అడ్డు ఉందో లేదో చూసుకోకుండా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదన్నది మొదటి పాఠం.

ఏ తూటా సత్తా ఎంత?

.350 లెజెండ్: వించెస్టర్ కంపెనీ 2019లో తెచ్చింది. 150 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకు సుమారు 2,325 అడుగుల వేగంతో బయల్దేరుతుంది. గొట్టం దగ్గర శక్తి దాదాపు 1,800 ఫుట్ పౌండ్లు. భుజానికి తగిలే దెబ్బ తక్కువ. తూటాలు తేలిగ్గా దొరుకుతాయి, ధర కూడా అందుబాటులోనే.

.360 బక్‌హ్యామర్: రెమింగ్టన్ నుంచి 2023లో వచ్చింది. పాత .30-30 కేసింగ్‌ని ఆధారం చేసుకుని తయారుచేశారు. 200 గ్రెయిన్ల బుల్లెట్ 2,200 అడుగుల వేగంతో పోతుంది. శక్తి సుమారు 2,150 ఫుట్ పౌండ్లు. కొత్తది కాబట్టి లెజెండ్ దొరికినంత తేలిగ్గా అన్ని షాపుల్లోనూ దొరకదు.

.450 బుష్‌మాస్టర్: 250 గ్రెయిన్ల లావు బుల్లెట్, 2,200 అడుగుల వేగం. శక్తి 2,600 ఫుట్ పౌండ్లు దాటుతుంది. దెబ్బ గట్టిదే, భుజానికీ గట్టిదే!

.45-70 గవర్నమెంట్: ఈ నలుగురిలో తాతగారు. 1873లో అమెరికా సైన్యం తన సింగిల్ షాట్ ట్రాప్‌డోర్ స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్ కోసం తీసుకుంది. షాపుల్లో దొరికే 300 గ్రెయిన్ల రకం సెకనుకు 1,800 అడుగులకు కాస్త అటూఇటూగా పోతుంది. శక్తి బక్‌హ్యామర్‌తో దాదాపు సమానం.

శక్తి సమానమైతే తేడా ఎక్కడ?

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. నెమ్మదిగా పోయే బుల్లెట్ దారిలో ఎక్కువ కిందికి దిగుతుంది. 100 గజాలకు గురి సరిచేసిన రైఫిల్‌తో 200 గజాల్లో కాలిస్తే.. .350 లెజెండ్ బుల్లెట్ సుమారు 8, 9 అంగుళాలు దిగుతుంది. అదే .45-70 అయితే అడుగుకు పైనే! ఆ తేడాలో గుండె, ఊపిరితిత్తులు తప్పి కాలికో పొట్టకో తగిలితే జింక వెంటనే చావదు. గాయంతో మైళ్ల దూరం పరుగెత్తి నరకం చూస్తుంది. సింగిల్ షాట్‌లో వెంటనే రెండో తూటా ఉండదు కదా. అందుకే 150 గజాల లోపే కాల్చడం, దూరం అంచనా తెలియకపోతే వదిలేయడం మంచి వేటగాడి లక్షణం.

సింగిల్ షాట్‌కి ప్రత్యేకంగా చూడాల్సినవి

మొదటిది రిమ్. .360 బక్‌హ్యామర్, .45-70 కేసింగ్‌ల అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది. మధ్యలో మడతపెట్టి తెరిచే తుపాకీలో ఆ అంచుని పట్టుకుని ఖాళీ కేసింగ్‌ని బయటికి తీయడం సులువు. .350, .450లకు అలాంటి అంచు లేదు. వీటికి స్ప్రింగుతో పనిచేసే ఎక్స్‌ట్రాక్టర్ కావాలి. అది శుభ్రంగా లేకపోతే చలిలో కేసింగ్ ఇరుక్కుని ఇబ్బంది పెడుతుంది.

రెండోది మ్యాగజైన్. .350, .450 తూటాల కొలతలు ఏఆర్-15 రకం తుపాకుల మ్యాగజైన్‌లో పట్టేలా ఉంటాయి. మ్యాగజైనే లేని తుపాకీకి ఆ లాభంతో పనేముంది?

మూడోది బరువు. సింగిల్ షాట్‌లలో కొన్ని 3 కిలోల లోపే ఉంటాయి. మోయడానికి హాయి.. కానీ తేలికైన తుపాకీలో .450, .45-70 పేలిస్తే భుజం అదిరిపోతుంది. ఆ భయంతో ట్రిగ్గర్ లాగేముందే ఒళ్లు బిగుసుకుంటుంది, గురి తప్పుతుంది. కొత్తవాళ్లకు .350 ఎందుకు చెబుతారంటే ఇదే కారణం.

చట్టం దగ్గర జాగ్రత్త!

మిషిగన్ దక్షిణ ప్రాంతానికి పెట్టిన నిబంధనలో కేసింగ్ పొడవు 1.16 అంగుళాల నుంచి 1.80 అంగుళాల మధ్యే ఉండాలన్నారు. బక్‌హ్యామర్ సరిగ్గా 1.80 దగ్గర ఆగుతుంది. .45-70 పొడవు 2.105 అంగుళాలు. అంటే ఒహాయోలో చెల్లే తూటా పక్క రాష్ట్రంలో చెల్లకపోవచ్చు. ఈ రూల్స్ మారుతూ ఉంటాయి కాబట్టి ఆ ఏడాది సహజ వనరుల శాఖ ఇచ్చే పుస్తకం చూశాకే కొనాలి.

ఇంకో హెచ్చరిక. .45-70లో బలం తక్కువవి, మధ్యరకం, చాలా ఎక్కువవి ఉంటాయి. 1967లో వచ్చిన రూగర్ నంబర్ 1 లాంటి గట్టి తుపాకీ తట్టుకునే తూటాని పాత ట్రాప్‌డోర్‌లో పేలిస్తే తుపాకీయే బద్దలవ్వొచ్చు. గొట్టం మీద చెక్కిన పేరు, పెట్టె మీద రాసిన హెచ్చరిక.. రెండూ చదవాల్సిందే.

మనవాళ్లు గుర్తుంచుకోవాల్సింది

హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ, తూటా గానీ దగ్గర పెట్టుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు దొరుకుతుంది. స్నేహితుడి తుపాకీ పట్టుకున్నా ఇదే లెక్క. ముందుగా లాయర్‌ని అడగడం మేలు.

ఇక మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. సెలవులకు ఇంటికొచ్చేటప్పుడు వేటకు వాడిన బ్యాగులో ఒక్క తూటా మిగిలిపోయినా ఎయిర్‌పోర్ట్ స్కానర్‌లో దొరుకుతుంది, ఆయుధాల చట్టం కింద కేసు తప్పకపోవచ్చు. ప్రతి జేబూ విదిలించి చూసుకోవాలి.

ఇంతకీ ఏది కొనాలి?

కొత్తవాళ్లు, భుజం నొప్పి వద్దనుకునేవాళ్లు అయితే .350 లెజెండ్. మడత తుపాకీకి రిమ్ ఉన్న తూటా, కాస్త ఎక్కువ బలం కావాలంటే .360 బక్‌హ్యామర్. దగ్గర్లో గట్టి దెబ్బ కావాలి, తన్నినా పర్లేదు అంటే .450. చట్టం ఒప్పుకునే చోట, దూరం తక్కువగా ఉండే అడవిలో .45-70. నాలుగింటిలో ఏదైనా సరిగ్గా తగిలితే జింకకు చాలు. కాబట్టి పెద్ద తూటా మీద పెట్టే డబ్బుతో ఇంకో రెండు పెట్టెలు కొని ప్రాక్టీస్ చేస్తే, ఆ ఒక్క షాట్ వృథా పోదు.