పల్లె బాటపై పాపాయి మూడు చక్రాల బండి

వాడపల్లి: శనివారం వచ్చిందంటే వాడపల్లి దారులన్నీ జనంతో నిండిపోతాయి. ఏడు శనివారాలు వచ్చి, వచ్చినప్పుడల్లా ఏడు ప్రదక్షిణలు చేస్తే కోరిన కోరిక తీరుతుందన్న నమ్మకంతో దూర ప్రాంతాల నుంచి కూడా భక్తులు వేంకటేశ్వరస్వామి సన్నిధికి వస్తుంటారు. సంతానం కోసం మొక్కుకున్నవారు, పుట్టిన బిడ్డను స్వామికి చూపించడానికి వచ్చేవారు వారిలో ఎందరో. ఒకప్పుడు ఆ బిడ్డలు తల్లి చంకలోనో, తండ్రి భుజంమీదనో ఉండేవారు. ఇప్పుడు అక్కడక్కడ చక్రాల బండ్లలో కూడా కనిపిస్తున్నారు. చూడముచ్చటగా ఉంటాయి గనుక అటువంటి బండి మనకూ ఒకటి కావాలని ఇంట్లో ఎవరో ఒకరు అనకపోరు. వేల రూపాయలు పోసి కొనే ముందు ఆ బండి ఏ దారికి పనికివస్తుందో, ఏ చోట ప్రమాదం తెస్తుందో తెలుసుకోవడం మంచిది. ముఖ్యంగా గోదావరి గట్టు, పంట కాలువలు ఇంటి పక్కనే ఉండే కోనసీమలో ఇది తప్పనిసరి.

మూడు చక్రాల బండి అనగానే మన పల్లెల్లో ముందు గుర్తుకు వచ్చేది వడ్రంగి చేసి ఇచ్చే కొయ్య బండి. పిల్లవాడు దాని పిడి పట్టుకుని నిలబడి, తోసుకుంటూ అడుగులు నేర్చుకుంటాడు. అక్కడ తోసేది బిడ్డ. ఇక్కడ చెబుతున్న బండిలో బిడ్డ కూర్చుంటే తోసేది పెద్దలు. దీన్ని పట్టణాల్లో ప్రామ్ అని, స్ట్రోలర్ అని అంటారు. కొందరు వాకర్ అని కూడా అనేస్తారు గాని అది వేరే వస్తువు. బిడ్డను నడుమ కూర్చోబెట్టి చక్రాల మీద వదిలేసే ఆ వాకర్లను కెనడా ప్రభుత్వం 2004లోనే నిషేధించింది.

పిల్లల బండి కథ చాలా పాతది. 1733లో ఇంగ్లండులో విలియం కెంట్ అనే ఆయన డెవన్‌షైర్ డ్యూక్ పిల్లల కోసం ఒక బండి తయారుచేశాడు. దాన్ని మనుషులు తోసేవారు కాదు, చిన్న జంతువును కట్టి లాగించేవారు. 1965లో ఓవెన్ మెక్లారెన్ అనే విమానాల ఇంజనీరు అల్యూమినియం గొట్టాలతో, గొడుగులా మడిచిపెట్టుకునే తేలిక బండిని రూపొందించాడు. ఇక మూడు చక్రాలది 1980 దశకం తొలి సంవత్సరాల్లో అమెరికాలో పుట్టింది. పత్రికలో పనిచేసే ఫిల్ బెక్లర్ అనే ఆయన, పరుగుకు వెళ్లేటప్పుడు కొడుకును వెంట తీసుకుపోవాలని పిల్లల బండికి సైకిలు చక్రాలు బిగించాడు. అంటే ఈ రకం బండి పుట్టిందే నున్నటి గచ్చు మీద తిరగడానికి కాదు, బయట దారి మీద నడవడానికి.

దారిని బట్టి చక్రం

ముక్కాలి పీటను ఎగుడుదిగుడు నేల మీద వేసినా మూడు కాళ్లూ నేలకు ఆని నిలుస్తుంది. నాలుగు కాళ్ల కుర్చీకి మాత్రం ఏదో ఒక కాలు గాలిలో ఊగుతుంది. మూడు చక్రాల బండికి పల్లె దారుల్లో ఉన్న సదుపాయం ఇదే. గుంట వచ్చినప్పుడు పిడిని కొంచెం కిందికి నొక్కితే ముందు చక్రం పైకి లేస్తుంది, గుంట దాటిపోతుంది. అయితే అదే ముక్కాలి పీట మీద కూర్చుని ఒక మూలకు ఒరిగితే ఏమవుతుందో అందరికీ తెలుసు. బండి కూడా అంతే. మలుపులో వడిగా తిప్పినా, గట్టు అంచున ఒక వెనుక చక్రం పైన, ఒకటి కింద ఉన్నా పక్కకు పడిపోయే స్వభావం దానికి ఉంది. వెనుక చక్రాల మధ్య ఎడం ఎక్కువగా, కూర్చునే చోటు కిందికి ఉన్న బండి ఈ విషయంలో మెరుగు. పిడికి కొబ్బరికాయల సంచీ, ప్రసాదం సంచీ తగిలించడం చాలామందికి అలవాటు. బిడ్డను ఎత్తుకోగానే బండి వెనక్కి విరుచుకుపడేది అందువల్లే. సంచీ సీటు కింద ఉన్న బుట్టలోనే పెట్టాలి.

చక్రాల్లో రెండు మూడు రకాలున్నాయి. గట్టి ప్లాస్టిక్ చక్రాలు చిన్నవి, చవక. ఇంటి వసారాలోనూ సిమెంటు రోడ్డు మీదా తిరుగుతాయి గాని ఇసుకలో దిగబడి మొండికేస్తాయి. నురగ నింపిన చక్రాలకు పంక్చరు బాధ లేదు, కుదుపు మాత్రం కొంత బిడ్డకు తగులుతుంది. గాలి చక్రాలు కంకర మీద, మట్టి బాట మీద అన్నిటికంటే మెత్తగా పోతాయి. పల్లె దారికి ఇవే తగినవి. కాని పంక్చరయితే ఎవరు వేస్తారు? ఇది ముందే ఆలోచించుకోవాలి. టైరు పక్కన దాని కొలత ముద్రించి ఉంటుంది. ఆ అంకెలను కాగితం మీద రాసుకుని దగ్గరలో ఉన్న సైకిలు షాపులో చూపించాలి. 12 అంగుళాలు, 16 అంగుళాల చక్రాలయితే పిల్లల సైకిళ్లకు వాడే ట్యూబులు సరిపోయే అవకాశం ఉంది. వింత కొలతలయితే ఒక్క ముల్లు గుచ్చుకున్న రోజుతో ఆ బండి అటక ఎక్కుతుంది.

గాలి కొట్టే వాల్వు కూడా చూసుకోవలసిందే. చాలా బండ్లకు మోటారుసైకిలు ట్యూబుకు ఉండేటటువంటి వాల్వు ఉంటుంది. మన ఇళ్లలోని సైకిలు పంపు దానికి పట్టదు, వేరే మూతి కావాలి. పెట్రోలు బంకులో యంత్రంతో కొట్టిస్తే క్షణంలో గాలి మితిమీరి ఇంత చిన్న ట్యూబు పగిలిపోవచ్చు. ఎంత గాలి పట్టాలో టైరు మీదనే రాసి ఉంటుంది.

ముందు చక్రం గిరగిర తిరిగే రకం సందుల్లో మలుపు తిప్పడానికి సుఖం. గతుకుల దారిలో మాత్రం అదే చక్రం వణికి, రాయి తగిలినప్పుడు అడ్డం తిరుగుతుంది. అందుకని ఆ చక్రాన్ని నేరుగా బిగించే పిన్ను ఉన్న బండినే కొనాలి. గట్టు మీద, గతుకుల్లో బిగించి, ఊరి వీధిలో వదులు చేసుకోవచ్చు.

కాలువ గట్టు మీద బ్రేకు

బొబ్బర్లంక దగ్గర గోదావరి నుంచి బయలుదేరిన ప్రధాన కాలువ లొల్ల లాకుల దగ్గరకు వచ్చి పాయలుగా చీలుతుంది. ఆ నీటితోనే మధ్య డెల్టా పొలాలు పండుతున్నాయి. కాలువలు కట్టివేసే వేసవి రోజులు తప్పిస్తే ఏడాదిలో ఎక్కువ కాలం రోడ్డు పక్కన నిండుగా నీరు పారుతూనే ఉంటుంది. అనేక చోట్ల గట్టుకు పిట్టగోడ ఉండదు. రోడ్డు కాలువ వైపు వాలి ఉన్న చోట్లూ తక్కువేమీ కాదు. ఎవరో పలకరించారని బండి వదిలి రెండు మాటలు మాట్లాడే లోపల, చక్కగా గ్రీజు పెట్టిన చక్రాలు తమంతట తామే కదులుతాయి. బండి ఎంత మంచిదైతే అంత తేలిగ్గా జారుతుంది.

కాబట్టి షాపులో మొదట చూడవలసింది రంగు, గుడ్డ, గొడుగు కాదు, బ్రేకు. వెనుక రెండు చక్రాలనూ ఒకేసారి పట్టేసే కాలి బ్రేకు ఉండాలి. పిడి దగ్గర చేతి బ్రేకు కొన్నిటికి ఉంటుంది గాని అది పల్లంలో వేగం తగ్గించడానికే, నిలిపి ఉంచడానికి కాదు. పరీక్షకు ఒక సులభ మార్గం ఉంది. పది కిలోల బియ్యం మూటను సీట్లో పెట్టి బెల్టు బిగించి, వాలుగా ఉన్న చోట బ్రేకు వేసి వదలాలి. అటూ ఇటూ తిప్పి రెండు వైపులా చూడాలి. అంగుళం జారినా ఆ బండి వద్దు. షాపువాడు విసుక్కుంటే ఇంకో షాపు చూసుకోవచ్చు.

పిడికి ఒక నవారు పట్టీ ఉండి, తోసేవారి మణికట్టుకు తగిలించుకునేలా ఉంటుంది. దీన్ని అలంకారమని అనుకుని కత్తిరించేవారున్నారు. కాలువ గట్టు మీద బిడ్డకూ నీటికీ మధ్య ఉండేది ఆ పట్టీయే. నిలిపినప్పుడు బండి ముఖం నీటి వైపు ఉండకూడదు. గోదావరి రేవులో పడవ గాని, పంటు గాని ఎక్కేటప్పుడు బిడ్డను బెల్టు విప్పి చేతుల్లోకి తీసుకోవాలి, బండిని మడిచి వేరుగా ఎక్కించాలి. బెల్టు రోడ్డు మీద ప్రాణరక్ష. నీటి మీద అదే ఉరి.

ఆ బెల్టు రెండు భుజాల మీద, నడుముకు రెండు పక్కల, కాళ్ల మధ్య ఒకటి చొప్పున అయిదు పట్టీలది అయి ఉండాలి. నడుముకు మాత్రమే ఉన్నదయితే పాకే వయసు బిడ్డ కిందికి జారిపోతుంది, లేదా నిలబడి ముందుకు దూకుతుంది.

మడత కీళ్ల దగ్గర కూడా జాగ్రత్త అవసరం. అమెరికాలో 2009 నవంబరులో దాదాపు 10 లక్షల మెక్లారెన్ బండ్ల కీళ్లకు తొడుగులు వేయవలసి వచ్చింది. బండి విప్పేటప్పుడు కీళ్ల మధ్య పడి పిల్లల వేలి కొసలు తెగిన ఘటనలు 12 అక్కడ నమోదయ్యాయి. బిడ్డను ఎవరికైనా ఇచ్చి, నాలుగడుగులు దూరం పంపించాకే బండిని విప్పడం, మడవడం చేయాలి.

నెలల పసికందును ఇందులో కూర్చోబెట్టరాదు. మెడ నిలిచి, ఆసరా లేకుండా కూర్చోగలిగే దాకా, అంటే సుమారు ఆరు నెలలు వచ్చేదాకా, పూర్తిగా పడుకోబెట్టే వీలున్న బండి అయితేనే వాడాలి. ఎండ తగలకుండా చీరకొంగునో, తుండుగుడ్డనో బండి మీద పూర్తిగా కప్పేస్తే లోపల గాలి ఆడక కొలిమిలా వేడెక్కుతుంది. వేసవిలో ఇది ప్రాణాపాయం. గొడుగు నీడ చాలు, దోమలకు పలుచటి తెర చాలు. కొబ్బరితోటలో నీడ బాగుందని చెట్టు కింద నిలిపేవారు ఒకసారి తలెత్తి గెలలు చూసుకోవాలి. మట్టలూ కాయలూ చెప్పి రాలవు. శనివారం నాటి రద్దీలోనైతే బండి బిడ్డకూ ఇబ్బందే, ముందు నడిచేవారి మడమలకూ ఇబ్బందే. అక్కడ పాతకాలపు చంకే మేలు.

ఇసుక, వాన, కొబ్బరినూనె

కువైట్, దుబాయ్, ఖతార్‌లకు వెళ్లిన కోనసీమవారు సెలవులకు వచ్చేటప్పుడు మేనల్లుడికనో, మనవరాలికనో ఇటువంటి బండ్లు తెస్తుంటారు. వాటిలో అక్కడ కొంతకాలం వాడినవీ ఉంటాయి. పాతదయినంత మాత్రాన చెడ్డదని కాదు. గొట్టాల అతుకుల దగ్గర పగుళ్లు, బెల్టు నవారు అంచుల్లో పీచు లేవడం, బకిలు గట్టిగా లాగితే ఊడిరావడం, ఈ మూడూ లేకపోతే వాడుకోవచ్చు. చట్రం మీద అంటించిన చీటీలో ఎంత బరువు వరకు మోస్తుందో ఉంటుంది. ఐరోపా ప్రమాణం ఈఎన్ 1888 అని గాని, అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం ఎఫ్ 833 అని గాని దానిపై రాసి ఉంటే పరీక్షకు నిలిచిన రకమని ఒక ఆధారం.

బండికి మన ప్రాంతంలో మొదటి శత్రువు ఇసుక. రేవు దాకా వెళ్లి వచ్చిన రోజున చక్రాలు ఊడదీసి, ఇరుసును పొడిగుడ్డతో తుడవాలి. చాలా బండ్లకు ఒక్క మీట నొక్కితే చక్రం వచ్చేస్తుంది. తిరిగి బిగించాక లాగి చూడటం మరువరాదు. చక్రం కిర్రుమంటే ఇంట్లో చేతికందిన కొబ్బరినూనె పోసేవారే ఎక్కువ. అది కొన్నాళ్లకు జిగురుగా మారి ఇసుకను పట్టుకుంటుంది, పైగా చీమలను పిలుస్తుంది. కుట్టు మిషనుకు వాడే పలుచటి నూనె రెండు చుక్కలు వేసి, మిగిలింది తుడిచేస్తే చాలు. బ్రేకుకు మాత్రం ఏ నూనే తగలకూడదు.

అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు గాలికి ఇనుప బోల్టులు త్వరగా తుప్పు పడతాయి. అక్కడివారు వారానికొకసారి మంచినీటి తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టుకోవాలి. వానాకాలంలో తడిసిన గుడ్డను మడిచి మూల పెడితే బూజు పట్టి బిడ్డకు దగ్గు తెచ్చే అవకాశముంది. విప్పదీసి సబ్బునీటితో ఉతికి నీడన ఆరవేయాలి. ధాన్యం నిలవచేసే గదిలో ఉంచితే ఎలుకలు పాలవాసనకు బెల్టునే కొరుకుతాయి. గోడకు మేకు కొట్టి ఎత్తుగా తగిలిస్తే ఆ బెడద కొంత తగ్గుతుంది.

అందరికీ అవసరమైన వస్తువు కాదిది. ఎప్పుడూ బస్సులో, ఆటోలో తిరిగే కుటుంబానికి మూడు చక్రాల పెద్ద బండి మడిచినా బరువే. మోటారుసైకిలు మీద అసలు పట్టదు. కొనే ముందు మడిచిన బండి కొలత, ఇంటి గుమ్మం కొలత రెండూ చూసుకోవాలి. కోడలు పనికి వెళ్తే బిడ్డను రోజంతా చూసుకునే నాయనమ్మకు, మోకాళ్ల నొప్పులతో ఎత్తుకోలేని అమ్మమ్మకు మాత్రం ఇది నిజమైన ఆసరా. అటువంటి ఇళ్లలో పిడి ఎత్తు వారి నడుముకు సరిపోవాలి, కాలి బ్రేకు వారు నొక్కి వారే విడిపించగలగాలి. కాబట్టి కొనడానికి వెళ్లేటప్పుడు రోజూ తోసేవారిని వెంట తీసుకువెళ్లి, వారిచేతనే నాలుగు సార్లు బ్రేకు వేయించి చూడాలి.

బిడ్డ నడక నేర్చాక బండిని చుట్టాల ఇంటికి పంపించడం మన ఆచారమే. పంపేటప్పుడు బెల్టు పాడయివుంటే మార్పించి పంపాలి. ఆ కొలత బెల్టు దొరకకపోతే చక్రాలు ఊడదీసి, బండిని పాత ఇనుము కొనేవాడికి ఇచ్చివేయడమే సరి.