బ్యాంకాక్ మిషనుకు మన బ్యాంకు జవాబు

హైదరాబాద్‌లో విమానమెక్కిన యాత్రికుడు నాలుగు గంటల్లోపే బ్యాంకాక్ సువర్ణభూమి విమానాశ్రయంలో దిగుతాడు. సామాను తీసుకుని, కనపడిన మొదటి ఏటీఎంలో కార్డు పెట్టి, పిన్ నొక్కి, 10,000 బాత్ అడుగుతాడు. మిషను లోపల కాసేపు గరగరమంటుంది. ఆ తర్వాత థాయ్ రాజు బొమ్మ ఉన్న నోట్లు బయటికొస్తాయి. ఆ నోట్లు ఏనాడూ హైదరాబాద్ మొహం చూసినవి కావు. అతని జీతం జమైన రూపాయలు కోఠి బ్రాంచి నుంచి కదలనూ లేదు. మరి సరిహద్దు దాటింది ఏమిటి?

ఒక ప్రశ్న, దానికో జవాబు. అంతకుమించి ఏమీ దాటలేదు.

ప్రశ్న ఎవరికి వెళ్లాలో కార్డు మీది అంకెలే చెబుతాయి. మొదటి అంకె 4 అయితే వీసా. 5 అయితే చాలావరకు మాస్టర్‌కార్డ్. మొదటి ఆరంకెలు, కొత్త పద్ధతిలో ఎనిమిది, కార్డు ఇచ్చిన బ్యాంకు ఏదో తెలుపుతాయి. చిట్టచివరి అంకెది కాపలా ఉద్యోగం. ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1954లో పేటెంటుకు పెట్టిన చిన్న కూడిక లెక్క అది. ఎక్కడైనా ఒక్క అంకె తప్పు కొడితే, ఏ బ్యాంకునూ అడగకుండానే ఆ లెక్క పట్టేస్తుంది.

మిషను తన థాయ్ బ్యాంకును అడుగుతుంది. ఆ బ్యాంకు వీసానో మాస్టర్‌కార్డ్‌నో అడుగుతుంది. ఆ నెట్‌వర్క్ మన బ్యాంకు తలుపు తడుతుంది. వీళ్లంతా మాట్లాడుకునే భాష థాయ్ కాదు, ఇంగ్లీషూ కాదు, ఐఎస్ఓ 8583 అనే అంకెల వరస. అందులో బాత్ పేరు 764, రూపాయి పేరు 356. జవాబూ అంకెల్లోనే వస్తుంది. 00 అంటే ఇవ్వొచ్చు. 51 అంటే ఖాతాలో అంత లేదు, 54 అంటే కార్డు గడువు దాటింది, 55 అంటే పిన్ తప్పు, 91 అంటే బ్యాంకు పలకడం లేదు. ఇంత స్పష్టమైన జవాబు లోపలికి వచ్చినా తెర మీద మాత్రం ‘మీ బ్యాంకును సంప్రదించండి’ అనే ముక్క ఒక్కటే కనిపించడం యాత్రికుడి ఖర్మ.

ఆ జవాబుకి ఎంత విలువుందో 2018 ఆగస్టులో పుణెలోని కాస్మోస్ సహకార బ్యాంకుకు తెలిసొచ్చింది. దొంగలు ఖజానా జోలికి పోలేదు. బ్యాంకు కంప్యూటర్ల మధ్య ఒక దొంగ కంప్యూటరును దూర్చారు. బయటి నుంచి వచ్చే ప్రశ్నలు అసలు బ్యాంకుకు చేరకుండా అడ్డుపడి, వాటన్నిటికీ అదే ‘ఇవ్వొచ్చు’ అని జవాబు చెప్పింది. నకిలీ కార్డులు పట్టుకున్న మనుషులు 28 దేశాల్లో ఏటీఎంల ముందు సిద్ధంగా ఉన్నారు. మిషన్లు అడిగాయి, జవాబొచ్చింది, ఇచ్చేశాయి. రెండు మూడు రోజుల వ్యవధిలో, ఏటీఎంల ద్వారానూ ఒక నకిలీ బదిలీ సందేశం ద్వారానూ కలిపి సుమారు 94 కోట్ల రూపాయలు పోయాయి. ఏ ఖాతాదారు ఖాతాలోనూ పైసా తగ్గలేదు, ఎందుకంటే ఆ ప్రశ్నలు ఖాతాల దాకా రానేలేదు.

ఆ దొంగల కార్డుల్లో ఉన్నది నల్లటి అయస్కాంత పట్టీ. అందులో రాసింది ఎప్పుడు చదివినా ఒకటే కాబట్టి నకలు తీయడం పాటను క్యాసెట్టులోకి ఎక్కించినంత తేలిక. బంగారు రంగు చిప్ సంగతి వేరు. అది బుల్లి కంప్యూటరు. మిషను ఇచ్చిన మొత్తాన్నీ, తేదీనీ, అప్పటికప్పుడు పుట్టించిన ఒక సంఖ్యనూ కలిపి, తనలో దాచుకున్న రహస్య తాళంతో ఒక ముద్ర తయారుచేసి పంపుతుంది. తాళం మాత్రం చిప్ దాటి బయటికి రాదు. ప్రతి లావాదేవీకీ లోపలి లెక్క ఒకటి పెరుగుతుంది కనుక నిన్నటి ముద్ర ఈరోజు చెల్లదు. 2018 చివరికల్లా పాత పట్టీ కార్డులను చిప్ కార్డులుగా మార్చాలని రిజర్వ్ బ్యాంకు గడువు పెట్టింది ఇందుకే.

ఇక పిన్. మీటలు నొక్కిన చోటే అది గుప్తలిపిలోకి మారిపోతుంది. దారిలో ప్రతి మజిలీలోనూ, విప్పబోతే తన తాళాలను తానే చెరిపేసుకునే పెట్టెలో దాన్ని విప్పి మళ్లీ కట్టి పంపుతారు. మధ్యలో ఏ ఉద్యోగి కంటా పడదు. అది నాలుగంకెలే ఎందుకయిందన్న దానికి ఒక కథ ఉంది. 1967 జూన్ 27న లండన్ శివారు ఎన్‌ఫీల్డ్‌లో బార్‌క్లేస్ బ్యాంకు పెట్టిన మొదటి నగదు మిషను రూపకర్త జాన్ షెపర్డ్ బారన్ పుట్టింది మన షిల్లాంగ్‌లో. తన సైన్యపు నంబరు గుర్తు కాబట్టి ఆరంకెలు పెడదామనుకున్నాడట. నాలుగు మించితే గుర్తుండవని వంటగది బల్ల దగ్గర భార్య తేల్చేసిందని ఆయనే చెప్పాడు. ఆ మిషనుకు ప్లాస్టిక్ కార్డు లేదు. స్వల్పంగా రేడియోధార్మికత ఉన్న కార్బన్-14 పూసిన చెక్కును మిషను గుర్తుపట్టేది. అయితే పిన్ మీద పేటెంటు మాత్రం 1966లోనే దరఖాస్తు చేసిన స్కాట్లండ్ ఇంజనీరు జేమ్స్ గుడ్‌ఫెలోది. ఘనత ఎవరిదనే తగువు వాళ్ల మధ్య చాలాకాలం నడిచింది.

డబ్బును ఇంట్లో ఉంచి మాటను మాత్రం మోసుకెళ్లే పద్ధతి ఏటీఎంతో పుట్టింది కాదు. తెలుగువాడికి హుండీ అంటే గుడి గుర్తొస్తుంది గానీ, షావుకార్ల హుండీ ఒక కాగితం. ఒక ఊళ్లో రొక్కం కట్టి కాగితం పుచ్చుకుంటే, మరో ఊళ్లోని షావుకారు దాన్ని చూసి రొక్కం ఇచ్చేవాడు. చూపగానే చెల్లించేది దర్శనీ హుండీ, గడువు తీరాక చెల్లించేది ముద్దతీ హుండీ. డెబిట్ కార్డు అచ్చంగా దర్శనీ హుండీయే. చూసి ఇచ్చేవాడు మనిషి కాదంతే. యూరప్ యాత్రికుల కోసం అమెరికన్ ఎక్స్‌ప్రెస్ 1891లో తెచ్చిన ట్రావెలర్స్ చెక్కుదీ ఇదే వంశం. కొన్నప్పుడొక సంతకం, మార్చేటప్పుడొక సంతకం, రెండూ కలిస్తే డబ్బు. అలా వందేళ్లు నడిచింది.

మన దగ్గర మాత్రం అసలు సమస్య కాగితం కాదు, డాలరు కరువు. 1960ల చివర్లో అమెరికా వెళ్లిన తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు ‘ఎనిమిది డాలర్లతో దిగాం’ అని ఇప్పటికీ మనవళ్లకు చెబుతుంటారు. అందులో గొప్ప కోసం తగ్గించిందేమీ లేదు, అప్పట్లో అనుమతే అంత. 2004లో రిజర్వ్ బ్యాంకు ఉదార చెల్లింపుల పథకం తెచ్చినప్పుడు ఒక మనిషి విదేశాలకు పంపగల పరిమితి ఏడాదికి 25,000 డాలర్లు. ఇప్పుడది 2,50,000.

యాత్రికుడు జేబు చూసుకోవాల్సిన చోటు తెర మీద వచ్చే ఒక చిన్న ప్రశ్న. లెక్క కోసం బాత్ రెండున్నర రూపాయలనుకుందాం. పదివేల బాత్ అంటే 25,000 రూపాయలు. విదేశీ కార్డులకు థాయ్ మిషన్లు ప్రతిసారీ రుసుము గుంజుతాయి. అది 220 బాత్ అనుకుంటే మరో 550 రూపాయలు. మన బ్యాంకు మారకం మీద మూడున్నర శాతం వేసుకుంటే 894, దాని మీద జీఎస్టీ 161. ఇవి మామూలుగా పడేవే. సరిగ్గా ఇక్కడే తెర మర్యాదగా అడుగుతుంది: ‘మీ సొమ్మును మేమే రూపాయల్లో లెక్కకట్టి చెప్పమంటారా?’ రూపాయలు కనపడగానే ప్రాణం లేచొచ్చి సరేనంటారు. ఆ సరేకు ఖరీదుంది. రేటు వేసేది వీసా కాదు, ఆ మిషను యజమాని. అతను 2.70 వేశాడంటే అదే సొమ్ముకు 27,594 రూపాయలు, అంటే 2,044 అదనం. కొన్ని బ్యాంకులు దీని మీద కూడా తమ వంతు తీసుకుంటాయి. ‘వద్దు’ నొక్కితే డబ్బు రాదేమోనని భయపడతారు గానీ, వద్దన్నది మారకాన్ని మాత్రమే. డబ్బు బాత్‌ల లెక్కలోనే వస్తుంది, రేటు నెట్‌వర్క్ వేస్తుంది. దుకాణాల్లో కార్డు గీసినప్పుడూ ఇదే ప్రశ్న, ఇదే జవాబు. మిషను రుసుము ఎంత తీసినా ఒకటే కనుక, వెయ్యి బాత్ తీసినవాడు దానికే 22 శాతం సమర్పించుకుంటాడు. పొద్దుటోసారి సాయంత్రమోసారి కొంచెం కొంచెం తీయడం పొదుపులా అనిపిస్తుంది, అంతే.

థాయ్ బ్యాంకు తన నోట్లు ఇచ్చేసింది కదా, దానికెవరిస్తారు? ఒక్కో లావాదేవీకి ఒక్కో చెల్లింపు ఉండదు. మనవాళ్లు పట్టాయాలో తీసింది, థాయ్ బౌద్ధులు బుద్ధగయలో తీసింది, ఇలాంటివన్నీ నెట్‌వర్క్ రోజువారీ లెక్కలోకి వస్తాయి. బ్యాంకుల వారీగా కూడి, తీసివేసి, మిగిలిన నికరమే చేతులు మారుతుంది. అదీ నోట్లుగా కాదు. మన బ్యాంకులకు న్యూయార్క్ వంటి చోట్ల డాలరు ఖాతాలుంటాయి. వాటి పేరు నోస్ట్రో, ఇటాలియన్‌లో ‘మాది’ అని. ఒక పుస్తకంలో అంకె తగ్గి, మరో పుస్తకంలో పెరుగుతుంది.

జవాబు వచ్చాక మిషను నోట్లు ఇవ్వలేక మొరాయిస్తే? ‘ఆ సొమ్ము వెనక్కి వేయండి’ అని అదే మరో సందేశం పంపాలి. ఆ సందేశం కూడా దారి తప్పితే ఖాతాలో కోత పడే ఉంటుంది. దేశంలోపల అయితే ఐదు రోజుల్లో సరిచేయకుంటే రోజుకు 100 రూపాయల పరిహారమని 2019లో రిజర్వ్ బ్యాంకు నియమం పెట్టింది. విదేశీ లావాదేవీలకు ఆ రక్షణ లేదు. నెట్‌వర్క్ తగువుల పద్ధతిలో వారాలు పట్టవచ్చు, అందుకే మిషను ఇచ్చిన చీటీ పారేయకూడదు.

అసలు కార్డే పనిచేయకపోవడానికి చాలాసార్లు కారణం యాత్రికుడి ఇంట్లోనే ఉంటుంది. 2020 మార్చి 16 నుంచి కొత్తగా ఇచ్చే కార్డులన్నీ దేశంలోపలికే పరిమితమై వస్తున్నాయి. విదేశీ వాడకం మీట బ్యాంకు యాప్‌లో మనమే వేసుకోవాలి. ఆ మీట వేయడం మరిచి వెళ్లి, అక్కడి సిమ్ వేసుకుని, ఓటీపీ రాని ఫోనుతో బ్యాంకు యాప్‌తో కుస్తీ పట్టే దృశ్యం ఏ విమానాశ్రయంలోనూ కొత్త కాదు.

కొన్నిసార్లు కారణం ఖాతాలోనూ ఉండదు, మిషనులోనూ ఉండదు. 2015 జూన్ చివర గ్రీసు బ్యాంకులు మూతపడినప్పుడు స్థానికులకు రోజుకు 60 యూరోలే. విదేశీ కార్డులకు ఆ హద్దు వర్తించలేదు. తమ ఊరి మిషనులో తమ సొమ్ముకు గ్రీకులు రోజూ వరసలో నిలబడుతుంటే, పక్కనే పర్యాటకుడు తనకు కావలసినంత తీసుకోగలిగాడు. 2022 మార్చిలో రష్యాలో దీనికి తలకిందులైంది. వీసా, మాస్టర్‌కార్డ్ అక్కడ విదేశీ కార్డులకు సేవలు ఆపేశాయి. అక్కడ చదువుకుంటున్న భారతీయ విద్యార్థుల ఖాతాల్లో డబ్బుంది, మిషన్లలో రూబుళ్లున్నాయి, ప్రశ్నను మోసుకెళ్లేవాడే లేడు.

ఇప్పుడు యూపీఐ కూడా ఆ దారిలో బయల్దేరింది. 2021లో భూటాన్‌తో మొదలై, 2023 ఫిబ్రవరిలో సింగపూర్ చెల్లింపుల వ్యవస్థ పేనౌతో ముడిపడి, 2024లో ఈఫిల్ టవర్ టికెట్ల దాకా వెళ్లింది. అంగీకరించే దుకాణాలు కొన్నే కాబట్టి కార్డును ఇంట్లో వదిలేసే రోజు ఇంకా రాలేదు.

ఈ ప్రయాణం మొత్తంలో నిజంగా సరిహద్దు దాటే డబ్బు ఒకటుంది. తిరుగు ప్రయాణంలో జేబులో మిగిలిన నోట్లు, గలగలలాడే చిల్లర. నోట్లను శంషాబాద్‌లో మార్చుకోవచ్చు గానీ, మారకం కౌంటరువాళ్లు నాణేలను ముట్టుకోరు. ఆ బాత్ బిళ్లలు కొన్నాళ్లు బల్ల సొరుగులో పడి ఉండి, ఆ తర్వాత ఏదో ఒక తిరుమల యాత్రలో, గుడి రకం హుండీలోకి చేరతాయి.