ఆంగ్లమున చిరకాలమును దెలుపు మాటలు

ఆంగ్లము నేర్చుకొను స్త్రీలకు "చాలకాలమునుండి" యను చిన్నమాటయే మొదటి చిక్కు. మన "నుండి" రెండు పనులు చేయును. "సోమవారమునుండి జ్వరము" అన్నను, "మూడు దినములనుండి జ్వరము" అన్నను మనకు దోషము లేదు. ఆంగ్లేయు లట్లుగాక మొదలైన దినమును జెప్పునపుడు "సిన్స్" అనియు, గడచిన కాలపు కొలతను జెప్పునపుడు "ఫర్" అనియు వాడుదురు. కావున "సిన్స్ మండే" యనియు, "ఫర్ త్రీ డేస్" అనియు ననవలెను. "సిన్స్ త్రీ డేస్" అనుట మన నుడికారమునుండి పుట్టిన పొరపాటు.

ఇంతకంటె ముఖ్యమైన విషయ మొకటి కలదు. మన "నుండి"లో ఆ సంగతి యింకను సాగుచున్నదను భావ మిమిడియున్నది. "ఫర్" అను మాటలో నది లేదు. ఆ భారమంతయు క్రియపైననే యుండును. బిడ్డను గూర్చి వైద్యునితో "షి హాడ్ ఫీవర్ ఫర్ త్రీ డేస్" అన్నచో జ్వరము మూడు దినములుండి విడిచినదని యర్థము. "షి హాజ్ హాడ్ ఫీవర్ ఫర్ త్రీ డేస్" అన్నచో నిప్పటికిని విడువలేదని యర్థము. "హాజ్" అను నొక్కమాట జారినచో, మంచముపై మూలుగుచున్న బిడ్డ వైద్యుని చెవికి స్వస్థురాలగును!

జాబులు చదువునపుడును ఈ భేదమును గమనింపవలెను. బంధువొకడు "ఐ లివ్డ్ ఇన్ లండన్ ఫర్ టెన్ ఇయర్స్" అని వ్రాసిన, ఆ పదియేండ్ల కాపురము ముగిసినదని గ్రహింపవలెను. "ఐ హావ్ బీన్ లివింగ్" అని వ్రాసిన, నేటికిని అచటనే యున్నాడు.

ఇక నిత్యసంభాషణములోని నుడికారములు వినోదకరములు. చాలనాళ్లకు కనబడిన నేస్తముతో వారు "ఏజెస్" గడచిన వందురు. మనము యుగములైన దనుచున్నాము గదా! "డాంకీస్ ఇయర్స్" అనియు గలదు. గాడిద చెవులు పొడవు; ఆంగ్లమున చెవులను దెలుపు మాటకును, సంవత్సరములను దెలుపు మాటకును ధ్వనిలో పోలిక యున్నది. ఆ చమత్కారమే దీనికి మూలమందురు. చెలులతో ముచ్చటించునపుడు సరియేగాని, పెద్దలకు వ్రాయు జాబులలో నిది తగదు.

ఈ రెండును గడచిన కాలమును జెప్పునవి. రాబోవు కాలమునకు "టిల్ ది కౌస్ కమ్ హోమ్", అనగా ఆవులిల్లు చేరువరకు, అను పలుకుబడి యున్నది. 17వ శతాబ్దపు నాటకములోనే యిది కానవచ్చును. తమంతట తాము మేయుచు మెల్లగా మరలు ఆవులకై కనిపెట్టుకొని యుండుట యెంత దీర్ఘమో యెఱుగని గృహిణి యుండునా? ఎంతసేపు వాదించినను ఫలము లేదను భావము దీనిలో తఱచుగా గలిసియుండును. మన శాసనములలోని "ఆచంద్రార్కము" శాశ్వతత్వమును గోరు గంభీరమైన మాట. ఇది విసుగును దెలుపు మాట. ఒకదానికి బదులు వేఱొకదానిని వాడరాదు.

సోదరీమణులు నుడికారములను మెల్లగా నేర్చుకొనవచ్చును. "హాడ్", "హాజ్ హాడ్" అను వాని భేదమును మాత్రము నేడే పలకపై వ్రాసి, పిల్లలతోగూడ పలికి చూతురుగాక!