వాన లెక్కలు - బిందెలో నీళ్ళు

టీవీలో వాతావరణ విశేషాలు మొదలవగానే చాలా ఇళ్ళలో లేచి వేరే పని చూసుకుంటారు. వానల గొడవ రైతులకు గాని మనకెందుకులే అనుకుంటారు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఆ రెండు నిమిషాలూ కూర్చోండి. అందులో చెప్పేది మీ ఇంటి ఆరోగ్యం గురించే.

‘లోటు వర్షపాతం’ అన్న మాట తరచు వింటుంటారు. సగటు కంటే 19 శాతం వరకు తగ్గినా పెరిగినా వాతావరణ శాఖ వారు దాన్ని మామూలు వాన కిందే జమకడతారు. 20 నుంచి 59 శాతం దాకా తగ్గితే లోటు. 60 శాతం, ఆపైన తగ్గితే తీవ్రమైన లోటు. అనంతపురం వంటి చోట ఏడాది మొత్తం మీద కురిసేదే సుమారు 55 సెంటీమీటర్లు. అందులోనూ పావువంతు తగ్గిందంటే మరుసటి వేసవికి బావుల సంగతి ఏమవుతుందో మీరే ఊహించుకోండి. పోయిన ఏడు కురవని వాన ఈ వేసవిలో మీ కుళాయి దగ్గర తెలుస్తుంది.

బావులు ఎండితే బోర్లు ఇంకా లోతుకు దించుతారు. రాతి పొరల్లో చాలాకాలం నిలిచిన నీటిలో కొన్నిచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువగా ఉంటుంది. ఇది నల్లగొండ ఒక్కదాని బాధే కాదు. అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ జబ్బును వైద్యులు 1937లోనే గుర్తించారు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము మించకపోతే మంచిది. వేరే నీళ్ళు దొరకనప్పుడు కూడా 1.5 దాటకూడదు. ‘మరిగించి తాగుతున్నాం కదా’ అంటారు చాలామంది. మరిగిస్తే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు. సరికదా, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. కొత్త బోరు వేయించినవారు ఆ నీళ్ళను ఒకసారి పరీక్ష చేయించాకే పిల్లలకు తాగించండి. టాంకరు నీళ్ళ విషయం వేరు. అవి ఏ బావివో, ఆ టాంకరు ఎప్పుడు కడిగారో మనకు తెలియదు. వాటిని తప్పకుండా మరిగించాలి.

ఇక నీళ్ళు పట్టి దాచుకోవడం. కుళాయి రెండు రోజులకోసారి వచ్చే ఊళ్ళలో తొట్టి, డ్రమ్ము, గంగాళం, చివరికి పాత బకెట్టు కూడా నింపి ఉంచుతారు. ఇల్లాలిని తప్పుపట్టలేం. కాని డెంగీ దోమకు కావలసింది అలా కదలకుండా నిలిచిన మంచినీళ్ళే. అందుకే వానలు లేని ఏట కూడా ఈ జ్వరం వస్తుంది. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. కాబట్టి వారానికోసారి పాత్రలన్నీ ఖాళీ చేయండి. ఊరికే వంపేస్తే చాలదు. ఆ గుడ్లు పాత్ర గోడలకు అతుక్కుని నెలల తరబడి ఎండలోనైనా బతుకుతాయి. పీచుతో గట్టిగా తోమాలి. వంపిన నీళ్ళు మొక్కలకు పోయండి, వృథా కావు. మిగతా రోజుల్లో మూతలు పెట్టండి, లేదా గుడ్డ కట్టండి.

ఎండ సంగతికి వద్దాం. మైదాన ప్రాంతాల్లో వేడి 40 డిగ్రీలకు చేరి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు మించితే వడగాలులంటారు. కోస్తాలో 37కే ఆ లెక్క మొదలవుతుంది. ఎందుకంటే గాలిలో తేమ ఉన్నచోట చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. పైగా పేపర్లో వేసే అంకె నీడలో కొలిచినది. ఎండలో నిలబడ్డ మనిషికి తగిలే వేడి అంతకంటే ఎక్కువే. 2015 మే నెల వడగాలులకు దేశంలో రెండు వేలమందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్ళే.

ఇంట్లో పెద్దవాళ్ళను కనిపెట్టి ఉండండి. వయసు మీదపడ్డాక దాహం సరిగా తెలియదు. ‘నాకేం వద్దులే’ అన్నా మజ్జిగో నీళ్ళో గంటకోసారి చేతికివ్వండి. గుండెజబ్బుకో మూత్రపిండాలకో నీళ్ళు తగ్గించమన్న వారైతే ఎంత ఇవ్వాలో డాక్టరును అడగండి. రక్తపోటుకు మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలు వేసుకునేవారు కూడా అంతే, సొంతంగా మానేయవద్దు. జేబులో ఉల్లిపాయ ఉంటే వడదెబ్బ తగలదని కొందరంటారు. ఆ ఉల్లిపాయను మజ్జిగన్నంలో నంజుకుంటే రుచైనా దక్కుతుంది.

చెమటలు పోసి, కాళ్ళు పీకి, తల తిరిగితే నీడకు చేర్చి, లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు (టీ చెంచాతో, తలకొట్టి) కలిపి కొద్దికొద్దిగా తాగించండి. కాని మనిషి తికమకగా మాట్లాడుతున్నా, ఫిట్స్ వచ్చినా, ఒళ్ళు 104 డిగ్రీలు దాటి కాలిపోతున్నా అది వడదెబ్బే. వెంటనే 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేదాకా చూస్తూ కూర్చోకండి. ఒంటి మీద నీళ్ళు గుమ్మరించి విసరండి. జ్వరం మాత్ర ఇక్కడ పనిచేయదు. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయకూడదు.

మామూలుగా జూన్ మొదటి వారంలో రాయలసీమలో తొలకరి పడుతుంది. ఎండకు బీటలిచ్చిన నేల మీది చెత్తంతా ఆ మొదటి వానలకే బావుల్లోకి, పగిలిన పైపుల్లోకి చేరుతుంది. ఆ వారం పది రోజులూ నీళ్ళు మరిగించడం మానకండి.